ఆదివారం మాత్ర

మా అమ్మకు కీళ్లవాతం. పదేళ్లుగా ప్రతి ఆదివారం రాత్రి భోజనం అయ్యాక మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటోంది. తక్కిన ఆరు రోజులూ ఫోలిక్ ఆమ్లం. ఏలూరులో మా ఇంట్లో ఆ పేర్లు ఎవరమూ పలకము. ఒకటి ఆదివారం మాత్ర, రెండోది రోజువారీ మాత్ర. అంతే.

ఒక ఆదివారం నేను ఇంట్లో ఉండగా, మాత్రను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగింది. "ఏరా నాన్నా, మింగేది నోట్లో, నొప్పి వేళ్లలో. నొప్పి ఎక్కడుందో దీనికెవరు చెప్తార్రా?"

నా వృత్తి తెలిసి అడిగిందో, ఊరికే అడిగిందో చెప్పలేను. ప్రోటీన్ల మీద మందు బణువులు ఎక్కడ చేరగలవో కంప్యూటరు చేత వెతికించడమే చాలాకాలంగా నా పని. (వేమూరి వేంకటేశ్వరరావు గారు వాడుకలోకి తెచ్చిన 'బణువు' నాకెంతో ఇష్టమైన మాట. అణువుకూ పరమాణువుకూ మధ్య మనం పడే తికమక దానితో తీరిపోతుంది.) "ఎవరూ చెప్పరమ్మా. తాళంచెవి లాంటిదనుకో. ఒళ్లంతా తిరుగుతుంది, తనకు సరిపడే తాళం దొరికిన చోట ఆగిపోతుంది" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మన వీధిలో సగం ఇళ్లకి ఒకే రకం తాళాలు కదరా!" అని మాత్ర వేసుకుని నీళ్లు తాగేసింది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాట ఎంత బరువైనదో తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

దేన్నైనా తెగ సాగదీస్తే మనవాళ్లు కొల్లేటి చాంతాడంత అంటారు. ప్రోటీను నిజంగానే అటువంటి చాంతాడు. ఇరవై రకాల అమైనో ఆమ్లాలు పూసల్లా వరసగా కూడి పొడుగాటి పేట అవుతుంది. ఆ పేట నీటిలో తనంత తానే మడతలు పడి ఉండలా చుట్టుకుంటుంది. ఉండ పైభాగం నున్నగా ఉండదు. గట్లూ మిట్టలూ, వాటి నడుమ గుంటలూ ఉంటాయి. బోర్లించిన చేతిమీద నీళ్లు నిలవవు, దోసిట్లో నిలుస్తాయి. అలాగే చిన్న బణువు ఒకటి ప్రోటీను మీద నిలవాలంటే నాలుగు వైపుల నుండీ దాన్ని పట్టి ఉంచే గుంట ఒకటి కావాలి. మా భాషలో దాన్ని బంధనస్థానం అంటాము.

మెథోట్రెక్సేట్ చేరే గుంటలలో పేరుపడ్డది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైములో ఉంది. మనం తిన్న ఫోలేటును కణానికి పనికివచ్చే రూపంలోకి మార్చడం ఆ ఎంజైము పని. ఆ మార్పు జరగకపోతే కణం కొత్త డీఎన్ఏను రాసుకోలేదు, రెండుగా విడిపోలేదు.

ఈ కథకు మూలపురుషుడు మా వైపు మనిషే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యం గొలిపే విషయం. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. కొల్లేటి గట్టు నుంచి భీమవరం ఏమంత దూరం కాదు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చిన్నవయసులోనే పోయారు. ఆయన మద్రాసులో వైద్యం చదివి, ఆపైన బోస్టన్ చేరి, 1940లో లెడర్లీ సంస్థలో పరిశోధనకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ జబ్బుకు ఆ ఫోలిక్ ఆమ్లమే మందు అయింది.

ఆపైన అదే బణువును కొద్దిగా మార్చి చూశారు. ఒకచోట ఆక్సిజన్ ఉండవలసిన స్థానంలో అమైనో గుంపు పెడితే అమినోప్టెరిన్ వచ్చింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో మృత్యుముఖంలో ఉన్న పిల్లలకిచ్చి, పదహారు మందిలో పది మందికి కొంతకాలం పాటు గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. అమినోప్టెరిన్‌కు మరోచోట ఒక మిథైల్ గుంపు చేరిస్తే అదే మెథోట్రెక్సేట్. అంటే అమ్మ ఆదివారం మాత్ర, రోజువారీ మాత్ర రెండూ ఒకే ప్రయోగశాల బిడ్డలు. ఒకదానికి మరొకటి వేషం.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో కన్నుమూశారు. ఆ తాళం ఎలా ఉంటుందో ఆయన చూడలేదు. చూడడానికి వీలూ లేదు. ప్రపంచంలో ఏ ప్రోటీనుకైనా రూపం తెలియడం 1958లో మయోగ్లోబిన్‌తో మొదలయింది. మెథోట్రెక్సేట్ తన ఎంజైములో కూర్చున్న దృశ్యాన్ని శాన్‌డియేగోలో డేవిడ్ మాథ్యూస్, జోసెఫ్ క్రౌట్ ప్రభృతులు ఎక్స్-కిరణాలతో పట్టి 1977లో ప్రచురించారు. అది చిన్న బాక్టీరియా ఎంజైము, 159 పూసల పేట. నడుమ లోతైన గుంట, అందులో మందు. చిత్రమేమిటంటే, అసలు ఫోలేటు కూర్చునే తీరుకు మెథోట్రెక్సేట్ తల భాగం సరిగ్గా తిరగబడి ఉంటుంది! వేషధారి సింహాసనం మీద తిరగేసి కూర్చుని కూడా, అసలు రాజుకంటే వెయ్యింతలు గట్టిగా అతుక్కుపోయాడన్నమాట.

ఆయన చీకట్లో చెవిని అరగదీశారు. ఇప్పుడు మా తరానికి తాళాలు ముందు దొరుకుతున్నాయి, చెవులే దొరకడం లేదు. 1971లో ప్రోటీన్ రూపాల భాండాగారం మొదలైనప్పుడు అందులో ఉన్నవి ఏడే. 2022 నాటికి ఆల్ఫాఫోల్డ్ అనే కార్యక్రమం అంచనాకట్టి అందరికీ అందుబాటులో పెట్టిన రూపాలు ఇరవై కోట్లకు పైనే. కాని రూపం వచ్చినంత మాత్రాన ఏ గుంట పనికివచ్చేదో దాని మీద రాసి ఉండదు కదా. దాన్ని వెతకడానికి మేము పడే పాట్లను స్థూలంగా చెబుతాను.

మొదటిది కేవలం క్షేత్రగణితం. ప్రోటీను చుట్టూ త్రిమితీయమైన గళ్లు గీస్తాము. ప్రతి ఖాళీ బిందువు దగ్గరా నిలబడి రెండు ఎదురెదురు దిక్కులకూ చూస్తాము. రెండు వైపులా ప్రోటీనే కనిపిస్తే మనం ఏదో లోయలో ఉన్నట్టు. 1997లో వచ్చిన లిగ్‌సైట్ ఇలా ఏడు దిశలలో చూస్తుంది. 2009 నాటి ఎఫ్‌పాకెట్ మరో దారి తొక్కింది. సరిగ్గా నాలుగు పరమాణువులను తాకుతూ, కడుపులో ఏ పరమాణువూ లేని గోళాలను లెక్కించి, అవి గుంపులు కట్టిన చోటును గుంట అంటుంది. ఇంత మోటు పద్ధతులు కూడా పనిచేస్తాయి. రోమన్ లాస్కోవ్‌స్కీ బృందం 1996లో 67 ప్రోటీన్లను పరిశీలించి, వాటిలో నూటికి ఎనభై మూడు పైచిలుకు సందర్భాలలో బణువు అన్నిటికంటె పెద్ద గుంటలోనే కూర్చుంటుందని తేల్చింది. పల్లమెరుగు నీరు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

రెండోది శక్తి లెక్క. పీటర్ గుడ్‌ఫర్డ్ 1985లో చెప్పినట్టు, ఒక చిన్న రసాయన గుంపును ప్రోటీను మీద ప్రతిచోటా ఉంచి ఆకర్షణ ఎంతో లెక్కగడతాము. ఖాళీ ఉన్నంత మాత్రాన సరిపోదు, అక్కడ ఆదరణ కూడా ఉండాలి. మూడోది వంశావళి. ఒకే ప్రోటీను మనిషిలో, ఎలుకలో, ఈస్టులో, బాక్టీరియాలో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే, కోట్ల ఏళ్లుగా మారని పూసలు కొన్ని కనిపిస్తాయి. అవి ఒకచోట గుమిగూడితే అక్కడ ఏదో ముఖ్యమైన పని జరుగుతున్నట్టు. ఆలివియే లిష్టార్జ్ 1996లో ఈ దారి చూపాడు. నాలుగోది, తెలిసిన జంటలను వేలల్లో చూపించి యంత్రానికే నేర్పడం. 2018లో ప్రాగ్ నుంచి వచ్చిన పీటూర్యాంక్ ఆ కోవది. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ మూడో రూపం గుంటతో పాటు అందులో బణువు ఎలా కూర్చుంటుందో కూడా ఒకేసారి ఊహించి చెబుతుంది.

కొత్త కార్యక్రమం ఏది చేతికి వచ్చినా నేను మొదట పెట్టే పరీక్ష సుబ్బారావు గారి జంటతోనే. ఇది నా మూఢభక్తి మాత్రమే కాదు. 1990లలో బణువును గుంటలో కూర్చోబెట్టే గోల్డ్, ఫ్లెక్స్‌ఎక్స్ వంటి కార్యక్రమాలు తమను తాము పరీక్షించుకున్న జంటలలోనూ ఇది ఉంది.

ఇక చిక్కుల సంగతి. అవి నాకు పుస్తకాల కంటే కొల్లేటి దగ్గరే బాగా బోధపడ్డాయి.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ సహజంగా ఏర్పడిన గుంట. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్ల నీరు అందులో చేరి ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. అయితే ఆ గుంట ఎక్కడ ముగుస్తుంది? ఎండాకాలంలో చూస్తే ఒక జవాబు, వానాకాలంలో చూస్తే మరొకటి. 1999లో ప్రభుత్వం సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీతను, అదే మనవాళ్లు ఐదో కాంటూరు అనేదాన్ని, హద్దుగా తీసుకుని 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో ఆ గీతకు లోపల ఉన్న చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. గీత రెండడుగులు దిగితే కొన్ని వేల ఎకరాలు సరస్సు కాకుండా పోతాయి, పైకి పోతే కొన్ని లంకల బతుకుతెరువు పోతుంది. నేల మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ప్రోటీను గుంటకూ మూత ఎక్కడ పెట్టాలన్నది సరిగ్గా ఇటువంటి తగవే. గోళం వ్యాసార్ధం పిసరంత మారిస్తే రెండు గుంటలు కలిసి ఒకటవుతాయి, లేదా ఒక పెద్ద గుంట రెండుగా చీలిపోతుంది. తెర మీద రంగులలో మెరిసే ఆ హద్దును చూసి అది ప్రోటీను గీసుకున్నదేనని భ్రమపడతాము. అది మనం గీసిన కాంటూరు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మేము వాడే రూపం ఒక క్షణంలో తీసిన ఫోటో లాంటిది. వేసవిలో ఫోటో తీసి ఇక్కడ చెరువు లేదంటే ఎలా? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తి ఆ నీరంతా కొల్లేటి మీదకు వచ్చినప్పుడు, గుంట అసలు విస్తీర్ణం ఎంతో చుట్టుపక్కల ఊళ్లకు మళ్లీ గుర్తుకొచ్చింది. ప్రోటీన్లలోనూ అంతే. కే-రాస్ అనే ప్రోటీను అనేక క్యాన్సర్లకు మూలం. దాని మీద పట్టు దొరికే గుంటే లేదని ముప్పై ఏళ్లు చేతులెత్తేశారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవన్ షోకాట్ బృందం, ఆ ప్రోటీనులోని ఒక మార్పు దగ్గర మందు బణువు వచ్చి తగిలినప్పుడు మాత్రమే తెరుచుకునే గుంటను కనిపెట్టింది. 2021లో ఆ గుంటలో కూర్చునే సోటోరాసిబ్ అమెరికాలో అనుమతి పొందింది. వాన వస్తే గాని కనబడని చెరువది.

ఇంతవరకూ చెప్పినదంతా నాకు తెలిసిన విద్య. ఇక చెప్పబోయేది నేను చేసిన పని.

రెండేళ్ల క్రితం వానాకాలంలో ఏలూరు వెళ్లినప్పుడు, అమ్మకు వేళ్లు సరిగ్గా వంగక అట్టల్లోంచి మాత్రలు తీసుకోలేకపోతోందని, ఏడు అరలున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి కొని తెచ్చాను. తిరుగు ప్రయాణపు తొందరలో, కరెంటు లేని సాయంత్రం, మాత్రలన్నీ ఒలిచి అరల్లో సర్దాను. రెండూ పసుపుపచ్చగా, గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. ఆదివారం అరలో వెయ్యవలసింది మిగిలిన ఆరు అరలలో వేసి, ఆ ఆరింటిలో వెయ్యవలసింది ఆదివారం అరలో వేశాను.

గురువారం ఫోన్ చేస్తే, నోరంతా పూసింది, మజ్జిగన్నం కూడా మింగుడు పడడం లేదంది అమ్మ. "వేడి చేసి ఉంటుంది, సబ్జా నీళ్లు తాగమ్మా" అన్నాను. ఆ మాట అన్నది ఇరవై ఏళ్లుగా ఆ గుంటను తెర మీద తిప్పి తిప్పి చూస్తున్న మనిషి! రాత్రి పడుకున్నాక హఠాత్తుగా ఒళ్లు చల్లబడింది. లేచి ఫోన్ చేసి, పెట్టె తెరిపించి, పక్కింటి అబ్బాయి చేత ఖాళీ అట్టల మీద పేర్లు చదివించి లెక్కపెట్టించాను. నాలుగు రోజులు, నాలుగు ఆదివారం మాత్రలు.

తెల్లవారేసరికి ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఫోలినిక్ ఆమ్లం సూదిమందు మొదలుపెట్టారు. ఫోలిక్ ఆమ్లం అప్పుడు పనికిరాదు. ఎంచేతనంటే అది కూడా ఆ మూతపడ్డ ఎంజైము గుండానే పోవాలి. ఫోలినిక్ ఆమ్లం ఆ గుమ్మం తొక్కకుండా పక్కదారిన కణానికి అందుతుంది. తొమ్మిదో రోజుకు అమ్మ ఇంటికి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ రాత్రులలో అమ్మ మాటే చెవిలో మోగింది. వీధిలో సగం ఇళ్లకి ఒకే రకం తాళాలు. నోటి లోపలి పొరలో, పేగులలో, ఎముకల మూలుగలో, ఎక్కడెక్కడ కణాలు చకచకా విడిపోతూ ఉంటాయో అక్కడల్లా ఆ ఎంజైమే, ఆ గుంటే. మందుకు కీలు ఏదో మూలుగ ఏదో తెలియదు. వారానికొకసారి అనే గడువు తెలిసినది ఒక్క మనకే. మా కార్యక్రమాలు గుంట ఎక్కడుందో, ఎంత లోతో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెబుతాయి. ఆ గుంట ఇంకా ఎన్ని ఇళ్లలో ఉందో, అక్కడ తలుపు మూసుకుంటే ఎవరికి ఏమవుతుందో అడగని మనిషికి అవి చెప్పవు. నేను అడగడం మరిచాను.

మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. అమ్మ మొదటి ప్రశ్నకు నేను చూపించిన తాళం బహుశా సరైన తాళం కూడా కాదు. క్యాన్సరుకు పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు మెథోట్రెక్సేట్ పని ప్రధానంగా ఆ ప్రసిద్ధమైన గుంట దగ్గరే. కాని కీళ్లవాతానికి వారానికొకసారి ఇచ్చే చిన్న మోతాదులో అది మరో ఎంజైమును కూడా అడ్డుకుని, అడినోసిన్ అనే బణువును కణాల బయట పెంచి, ఆ విధంగా వాపును శాంతింపజేస్తుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందుకే రోజూ ఫోలిక్ ఆమ్లం వేసుకున్నా నొప్పి మీద మందు గుణం పెద్దగా తగ్గదు. తెర మీద అన్నిటికంటె ఎక్కువ మార్కులు వచ్చిన గుంట ఒకటి, అమ్మ వేళ్లకు ఉపశమనమిచ్చేది బహుశా మరొకటి.

సుబ్బారావు గారి దగ్గరి నుంచి వచ్చిన ఇంకో మందు దీనికి సరిగ్గా ఎదురు సాక్ష్యం. లెడర్లీలో ఆయన ఆధ్వర్యంలో 1947లో హెట్రజాన్ వెలువడింది. అదే డైఇథైల్‌కార్బమజైన్, మన బోదకాలు మాత్ర. గోదావరి జిల్లాలలో బోదకాలు చూడని ఊరు అరుదు. 2004లో దేశవ్యాప్తంగా సామూహిక పంపిణీ మొదలయ్యాక ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదుట నిలబడి మింగించినది ఆ మాత్రనే. అది పురుగు ఒంట్లో ఎక్కడ అతుక్కుంటుందో డెబ్బై ఏళ్లకు పైగా స్పష్టంగా తెలియలేదు. 2020లో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు, అది పురుగు కండరాలలోని టీఆర్‌పీ అనే ద్వారాలను తెరుస్తుందని చూపించారు. తాళం ఏదో తెలియకుండానే అన్నేళ్లు ఆ చెవి పనిచేసింది. ఇక్కడేమో తాళం అణువణువూ తెలిసి కూడా నేను మా అమ్మను ఆసుపత్రి పాలు చేశాను.

నా పనిమీద నాకు విరక్తి ఏమీ కలగలేదు. గుంటలు వెతకవలసిందే, కే-రాస్ గుంట దొరికినందువల్ల ఇవాళ ఊపిరి పీలుస్తున్నవాళ్లు ఉన్నారు. అయితే ఫలితాల పట్టిక రాసేటప్పుడు ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. ప్రతి గుంట పక్కనా, ఇదే ప్రోటీను ఒంట్లో ఇంకా ఎక్కడెక్కడ ఉందో ఒక వరస అదనంగా చేరుస్తాను. నాతో పనిచేసే పిల్లలు దాన్ని 'ఇళ్ల వరస' అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో వాళ్లకు తెలియదు.

ఏడు అరల పెట్టె అవతల పారేశాము. ఆదివారం మాత్రలు ఇప్పుడు దేవుడి గూట్లో పాత కుంకుమభరిణెలో విడిగా ఉంటాయి. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నేను ఫోన్ చేస్తేనే అమ్మ భరిణె తెరవాలని ఒప్పందం.

మొన్న ఫోన్‌లో ఆ పాత ప్రశ్నకు జవాబు సరిగ్గా చెప్పడానికి ప్రయత్నించాను. నొప్పి ఎక్కడుందో మాత్రకు తెలియదమ్మా, దానికి ఏమీ తెలియదు, అన్ని తలుపులూ తడుతుంది అన్నాను.

"దానికి తెలియకపోతే పోనీలేరా, నువ్వు మాత్రం ఎనిమిదింటికి మర్చిపోకు" అంది.